‘ద’ గుణింతం దగ్గర ఆగిన పుస్తకం
(మహిళా దినోత్సవం నాడు శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, గ్రంథాలయ అధికారి గారికి, ఈ ఎండలో నడిచి వచ్చిన ఆడపిల్లలకి, వాళ్లని వెంటబెట్టుకొచ్చిన టీచరమ్మలకి నమస్కారాలు. పరిచయంలో నా గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పారు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి హిందీ చెప్పాను, అంతే.

నాకిచ్చిన అంశం ‘మహిళా సాధికారత’. నేను మాత్రం ఒక్క మనిషి గురించే మాట్లాడాలని వచ్చాను. పండిత చందాబాయి. ఈ పేరు విన్నవాళ్లు చేతులెత్తండమ్మా. ఎవరూ లేరా? ఫర్వాలేదు. నాకూ హిందీ ప్రచార సభ ‘ప్రవీణ’ పరీక్షకి చదివే రోజుల్లో, పాత హిందీ పత్రికల కట్టలో ‘జైన మహిళాదర్శ్’ సంచిక ఒకటి కనపడింది. సంపాదకురాలి పేరు చూసి, ఎవరీవిడ అని వెతుక్కుంటూ పోతే తెలిసింది.

1889లో బృందావనంలో పుట్టిందావిడ. వైష్ణవుల ఇంటి పిల్ల. పదకొండో ఏట బీహారులోని ఆరా పట్టణంలో ఒక జైన జమీందారీ కుటుంబానికి కోడలైంది. పన్నెండో ఏట భర్త పోయాడు. పన్నెండేళ్లు! ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, మీరు ఏడో తరగతి కదూ? సరిగ్గా మీ వయసు.

ఆ రోజుల్లో ఆ తర్వాత జరిగేదేమిటో మీ ఇళ్లల్లో ముసలివాళ్లని అడగండి, చెబుతారు. ఆ ఇంట్లో మాత్రం వేరేగా జరిగింది. ఆవిడ బావగారు దేవకుమార్, ఈ పిల్లని చదివించాలి అన్నాడు. ఆయనది తాళపత్రాలంటే ప్రాణం పెట్టే మనసు. 1903లో ఆరాలో జైన సిద్ధాంత భవనం అనే గ్రంథాలయం పెట్టాడు. కన్నడ దేశపు తాటాకు ప్రతులు కూడా అక్కడికి చేరాయి. ఆ ఇంట్లో చదువు మొదలుపెట్టిన పిల్ల సంస్కృతం నేర్చింది, జైన శాస్త్రాలు చదివింది, కాశీ పరీక్షలో పండిత పట్టా తెచ్చుకుంది. 1907లో బావగారి చేత ఆరాలో ఆడపిల్లల బడి పెట్టించింది. మరుసటి ఏడే ఆయన పోయాడు, ఇంకా నడి వయసు రాకుండానే. బడి మాత్రం ఆగలేదు.

1921లో ఆరా పక్కన ధనుపురాలో జైన బాలా విశ్రామ్ పెట్టింది. అది ఉత్త బడి కాదు. పిల్లలూ, భర్త పోయిన ఆడవాళ్లూ అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే చదువుకునే చోటు. ఆ ‘ఉండి’ అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను. గాంధీజీ కూడా వచ్చి చూసి వెళ్లారు. పత్రిక నడిపింది, పుస్తకాలు రాసింది, బొంబాయిలో జైన స్త్రీల చదువు కోసం పనిచేసిన మగన్‌బాయి లాంటి వాళ్లతో కలిసి జైన మహిళా పరిషత్తు పనులు చేసింది. 1977లో కన్నుమూసే దాకా, అంటే యాభై ఆరేళ్లు, ఆ విశ్రామే ఆవిడ ఇల్లు.

ఆ ఆవరణలో శ్రవణబెళగొళ గోమఠేశ్వరుడి లాంటి బాహుబలి విగ్రహం ఉంది. ఆ బాహుబలికి బ్రాహ్మి, సుందరి అని ఇద్దరు తోబుట్టువులు. వాళ్ల తండ్రి, జైనుల మొదటి తీర్థంకరుడు ఆదినాథుడు, కూతుళ్లనిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని బ్రాహ్మికి అక్షరాలు, సుందరికి అంకెలు నేర్పాడని జైన పురాణం చెబుతుంది. అక్షరం దిద్దింది ఆడపిల్ల, లెక్క నేర్చింది ఆడపిల్ల! మనకి జైనులు దూరం వాళ్లేం కాదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జైన దేవత చక్రేశ్వరి బొమ్మ కింద కన్నడ ఆదికవి పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి, వెయ్యేళ్ల పైనాటివి.

సరే, శాసనాల్లోకి వెళ్లిపోతున్నాను. ఇక్కణ్ణుంచి మన వీరేశలింగం గారి ధవళేశ్వరం ఆడపిల్లల బడి గురించి, 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో పెట్టిన శారదా నికేతనం గురించి చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. నా సంచిలో ఇంకొకటుంది.

ఇది పెద్దబాలశిక్ష. మా పెద్ద మేనత్తది. ఆవిడకి తొమ్మిదో ఏట పెళ్లయింది, పదకొండో ఏట బొట్టు చెరిపారు. తర్వాత అరవై ఏళ్లకి పైగా మా వంటింట్లోనే బతికింది. నాకు జడ వేసింది ఆవిడే, నేను బడికి వెళితే వీధి మలుపు తిరిగే దాకా గడపలో నిలబడి చూసింది ఆవిడే. ప్రహ్లాద చరిత్ర పద్యాలు నోటికి వచ్చు, విని నేర్చుకున్నవి. చదవడం రాదనే అందరం అనుకున్నాం. పొలం కాగితాల మీద వేలిముద్రే వేసేది. వేసి, ఆ వేలిని కొంగుకి చాలాసేపు తుడుచుకునేది.

ఆవిడ పోయాక రేకుపెట్టె తెరిస్తే అడుగున పాత చీరముక్కలో చుట్టి ఈ పుస్తకం ఉంది. అచ్చుల పేజీ అంచులు నల్లగా ఉన్నాయి, మసిచేత్తో తిప్పినట్టు. క గుణింతం, చ గుణింతం, ట గుణింతం... అన్నీ అలాగే. ద గుణింతం దాకా ఆ మసి ఉంది. తర్వాత పేజీ తెల్లగా ఉంది. ఆ తర్వాతవన్నీ తెల్లగానే ఉన్నాయి.

పదో రోజున మా నాన్న చెప్పాడు. చిన్నప్పుడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, పొయ్యి దగ్గర అక్కకి రోజుకో గుణింతం తనే చెప్పేవాడట. ద గుణింతం చెప్పిన వారానికి ఆయన్ని హైస్కూలుకి తెనాలి పంపేశారు. మా అత్తయ్య పేరులో మొదటి అక్షరం ‘స’. ఇంకా కొద్ది పేజీలుంటే వచ్చేది. ఎనభయ్యో పడిలో మా నాన్న ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

చందాబాయికి మా అత్తయ్యకన్నా తెలివి ఎక్కువుందని నేను నమ్మను. ఆవిడకి పెద్దరికం ఉన్న బావగారు దొరికాడు. మా అత్తయ్యకి పదేళ్ల తమ్ముడు దొరికాడు. అంతే తేడా. ఆ తేడా తెలుసు గనకే చందాబాయి ఉండే చోటు కట్టింది. ఇంట్లో అలాంటి బావగారు లేని పిల్ల ఎక్కడికి పోవాలి? ఆ పిల్ల కోసం కట్టింది.

ఇదంతా పాతకాలం మాట అనుకోకండి. క్రితం జూన్‌లో మన పక్క ఊరి పిల్ల, పదో తరగతిలో వాళ్ల బడికే ఫస్టు, ఇంటర్‌లో సీటు వచ్చింది. హాస్టల్‌లో ఖాళీ లేదన్నారు. ప్రైవేటు హాస్టల్ ఫీజు వాళ్ల వల్ల కాదు. ఆఖరి బస్సు అయిదుంబావుకి, క్లాసులు అయ్యేది అయిదున్నరకి. నేను రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లి బతిమాలాను. మూడోసారి శ్రావణంలో వెళ్లేసరికి వాకిట్లో పందిరి వేసి ఉంది. ఆ పందిరి కింద నిలబడ్డప్పుడు నాకు ఈ పుస్తకమే గుర్తొచ్చింది.

అమ్మా, అయ్యా, మీకు దండం పెట్టి అడుగుతున్నాను. పిల్లలు అమెరికా వెళ్లిపోయి మేడ మీద గదులు తాళాలు వేసుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, నాకు తెలుసు. మా ఇంట్లో రెండు గదులు ఈ జూన్ నుంచి ఇస్తున్నాను, నలుగురు పిల్లలకి సరిపోతాయి. వంట నేనే చూసుకుంటాను. ఇంకో మూడు ఇళ్లు కావాలి. గుమ్మం దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టాను. వెళ్లేటప్పుడు మీ పేరు, వీధి రాయండి, నేనే వచ్చి మాట్లాడతాను.

ఈ పుస్తకం ముందు వరసలోంచి ఇస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చూడండి. ద గుణింతం దగ్గర దారం పెట్టాను. అట్ట ఊడిపోతోంది తల్లీ, రెండు చేతులతో పట్టుకో.