బియ్యం బస్తా, పాత నవారుతో బజారు సంచి

[తెర మీద: ఖాళీ బియ్యం బస్తా, పక్కన చుట్టిన నవారు, తొక్కుడు మిషను]

నెల్లూరులో ఏ ఇంటి అటక చూసినా ఈ 26 కిలోల బస్తాలు నాలుగైదు మడిచి ఉంటాయి. 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 2022 జులైలో 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో మిల్లర్లు ఒక కిలో పెంచి బస్తా కట్టారు. మనకి కలిసొచ్చింది ఇంకో అంగుళం ప్లాస్టిక్!

ముందు బస్తా పనికొస్తుందో లేదో చూడండి. మిద్దె మీద ఎండకి పడున్నదైతే గోటితో గీరగానే పొట్టు రాలుతుంది. అలాంటిది ఎంత బాగా కుట్టినా నెలకి పీలికలే. యూరియా, పురుగుమందుల బస్తాలు కూరగాయల సంచికి అసలు వద్దు. రొయ్యల మేత బస్తా గట్టిదే గానీ వాసన ఒక పట్టాన పోదు, పిల్లులు వెంటపడతాయి.

[దగ్గరగా: బస్తా మూతి కుట్టు]

మూతి కుట్టుని కత్తెరతో చీల్చకండి, అది గొలుసు కుట్టు. ఒకే దారం తిన్నగా కనిపించే వైపు మీకు ఎదురుగా పెట్టి, కుడి కొస తెంపి లాగండి. సర్రున ఊడొస్తుంది. రాలేదంటే ఎడమ కొస నుంచి లాగి చూడండి.

బస్తా వెడల్పు 20 అంగుళాలు అనుకుందాం. పొడవు 21 అంగుళాలకి కోసి, ఒక పక్క నిలువునా చీల్చి పరిస్తే 40 బై 21 ముక్క వస్తుంది. చాక్‌పీసు ఈ నున్నటి ప్లాస్టిక్ మీద పడదు, బాల్‌పెన్నుతో గీయండి. గుండుసూదులూ వద్దు, ప్రతి పోటూ ఒక శాశ్వతమైన బొక్కే. బట్టల క్లిప్పులు పెట్టుకోండి.

మిషనుకి 16 నంబరు సూది, పాలిస్టర్ దారం. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బట్టకి కుట్టినట్టు సన్న కుట్టు వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు. ప్లాస్టిక్‌లో అది తపాలా బిళ్ళ అంచు లాగా తయారై, బరువు పడగానే వరసగా చిరుగుతుంది. రివర్స్ కుట్టు కూడా వద్దు, దారం కొసలు చేత్తో ముడేయండి. ఫుట్ అతుక్కుని ముక్క కదలకపోతే మీద పల్చటి కాగితం పరిచి కుట్టి, తర్వాత చించేయండి.

మూతి అంచుని 1.5 అంగుళం చొప్పున రెండుసార్లు లోపలికి మడవండి. ఇస్త్రీ పెట్టారో, కరిగి పెట్టెకి అంటుకుంటుంది. చెంచా వెనక వైపుతో గట్టిగా రుద్దితే మడత నిలుస్తుంది. మడత అంచున ఒక్క కుట్టు చాలు.

[దగ్గరగా: నవారు పరిచిన ముక్క]

బరువు మోయాల్సింది నవారు. ప్లాస్టిక్ పని సరుకు జారిపోకుండా పట్టుకోవడమే. అందుకే పట్టీలు మూతి దగ్గర ఆపకుండా అడుగుదాకా దించుతాం. మొత్తం 3 మీటర్లు చాలు. 58 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేయండి. ఒక్కోదానిలో 18 అంగుళాలు కింద నుంచి పైకి, 22 చేతిపట్టు, మళ్ళీ 18 కిందికి. చేతిపట్టు భాగాన్ని నిలువుగా సగానికి మడిచి కుట్టేస్తే పిడికిట్లో ఇముడుతుంది. 40 అంగుళాల ముక్కని మధ్యకి గీసుకుంటే రెండు ముఖాలు. ప్రతి ముఖానికీ రెండు అంచుల నుంచి 6.5 అంగుళాల దగ్గర నవారు మధ్యగీత రావాలి. నవారు రెండు అంచులా నిలువు కుట్లే వేయండి, అడ్డకుట్టు వద్దు. మూతి దగ్గర మాత్రం ఇంటూ గుర్తు. అక్కడ మందం ఎక్కువ, తొక్కితే సూది విరుగుతుంది. చక్రం చేత్తో తిప్పండి.

ఇప్పుడు లోపలి వైపు బయటికి పెట్టి పక్క, అడుగు మూయండి. అడుగున ముందు నవారు కొస, వెనక నవారు కొస సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. అప్పుడే రెండూ కలిసి ఒకే పట్టీలా లాగుతాయి. ప్లాస్టిక్ అంచు ఊరికే వదిలేస్తే నేత పోగులు జారి కుట్టే ఊడిపోతుంది. పాత దుప్పటి నుంచి 2 అంగుళాల వెడల్పు పట్టీ చించి, అంచుని దాంట్లో కప్పి పైపింగ్ లాగా కుట్టండి.

అడుగు మూలల్ని త్రికోణంగా నొక్కి, కొస నుంచి 3 అంగుళాలు లోపలికి గీత గీయండి. గీత పొడవు 6 అంగుళాలు రావాలి. దాని మీద కుట్టేశాక ఆ చెవుల్ని కత్తిరించకండి. అడుగు మీదకి మడిచి రెండు పోట్లు వేస్తే అడుగు బిగుసుకుంటుంది. తిప్పి చూస్తే దాదాపు 14 అంగుళాల వెడల్పు, పద్నాలుగున్నర ఎత్తు, 6 అంగుళాల అడుగు ఉన్న సంచి.

[తెర మీద: సంచిలో సొరకాయ, మునక్కాయలు, ఉల్లిపాయలు]

మాసితే సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి తుడిచి నీడన ఆరేయండి. చేపలకి మాత్రం వేరే డబ్బా తీసుకెళ్ళాల్సిందే. సూది బొక్కల్లోంచి నీచు నీళ్ళు కారి, ఇంటికొచ్చేలోపు బండి సీటంతా తడిపేస్తాయి.