ఆ ఇంట్లో చావులు పదమూడేనా?

[స్క్రీన్ మీద: పంజాబ్ మ్యాప్, జలంధర్ దగ్గర ఎర్ర చుక్క]

జలంధర్‌లో బాగా డబ్బున్న ఇల్లు. ఒకే రాత్రి 13 మంది చనిపోయారు. విషప్రయోగం జరిగింది, కొందరికి కత్తిపోట్లు కూడా ఉన్నాయి. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాళ్లలో బతికింది పద్నాలుగేళ్ల దుర్గ ఒక్కతే. ఆమె మీదా దాడి జరిగిన ఆనవాళ్లున్నాయి. అయినా పోలీసుల అనుమానం ఆమె మీదే!

ఇది కిశ్వర్ దేశాయ్ ఇంగ్లిష్‌లో రాసిన మొదటి నవల 'విట్‌నెస్ ద నైట్'. బ్రిటన్‌లో అప్పట్లో తొలి నవలలకు ఇచ్చిన కోస్టా అవార్డు 2010లో దీనికి వచ్చింది. ముగింపు చెప్పను, టెన్షన్ పడకుండా వినండి.

దుర్గతో మాట్లాడటానికి ఢిల్లీ నుంచి సిమ్రన్ సింగ్ అనే సోషల్ వర్కర్ వస్తుంది. వయసు నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు, సిగరెట్ తాగుతుంది, విస్కీ కూడా. ఊళ్లో పెద్దమనుషులకు ఆమె వాలకమే నచ్చదు. నాకైతే ఈ పాత్ర తెగ నచ్చింది. ఎందుకంటే ఎవరు చంపారన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, ఈ ఇంట్లో అంతకుముందు ఏం జరిగిందని ఆరా తీస్తుంది. దుర్గ అక్క శారద కొన్నేళ్ల కిందటే కనిపించకుండా పోయింది. ఆమె గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు.

[స్క్రీన్ మీద: 798]

2001 జనాభా లెక్కల్లో పంజాబ్‌లో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 798 మందే. మిగతావాళ్లు ఏమయ్యారు? వంశోద్ధారకుడి కోసం కొందరిని కడుపులోనే తీసేయించారు, కొందరిని పుట్టాక చంపేశారు. అలా పోయిన ఆడపిల్లలకు ఎఫ్ఐఆర్ ఉండదు, పోస్ట్‌మార్టం ఉండదు. పోలీసుల లెక్క పదమూడు దగ్గర ఆగిపోతుంది. నవల మాత్రం అంతకుముందు పోయిన ఆడపిల్లలను కూడా లెక్కలోకి తెస్తుంది. ఈ పుస్తకం బలమంతా అక్కడే ఉంది.

మనకేం సంబంధం అనుకోకండి. అదే 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకె 961. 2011కి అది ఇంకా కిందికి దిగింది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. మన ఊళ్లో ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు గోడ మీద ఉంటుంది. నవల చదివాక ఆ బోర్డును మామూలుగా చూడలేం.

కథ మూడు గొంతుల్లో నడుస్తుంది: దుర్గ రాసుకున్న మాటలు, సిమ్రన్ కథనం, ఇంగ్లండ్‌లో ఉంటున్న దుర్గ వదిన ఈమెయిల్స్. చదివేటప్పుడు చాలామంది ఆ ఈమెయిల్స్‌ను గబగబా దాటేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ ఇంటి కోడలిగా ఆమె చూసినవి పోలీసుల ఫైల్లో దొరకవు. చివర్లో కథ కాస్త తొందరపడిందని నాకనిపించింది, దుర్గ భాగాలు మాత్రం ఎక్కడా పట్టు సడలవు.

పసిపిల్లల మరణాలు, లైంగిక హింస గురించి ఇందులో నేరుగానే ఉంటుంది. అవి చదవలేనివాళ్లు ఆలోచించుకుని మొదలుపెట్టండి. సిమ్రన్ నచ్చితే 2012లో వచ్చిన రెండో నవల కూడా ఉంది, అందులో ఆమె అద్దె గర్భాల వ్యాపారం వెంట పడుతుంది.