కబురు చేస్తామన్నారు

శ్రోతలందరికీ నమస్కారం.

మా అక్క కూతురు ఆరు నెలలుగా మా ఇంట్లోనే ఉంటోంది. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసింది. ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ మధ్య దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లాం. మేళం హోరులో పక్కవాళ్ల మాట కూడా వినపడడం లేదు. ఆ పిల్ల మాత్రం ఫోన్ గుప్పిట్లో పట్టుకుని, రింగ్ ఫుల్ సౌండ్‌లో పెట్టి, అయినా వినపడదేమోనని నిమిషానికోసారి దాని వంక చూసుకుంటూ కూర్చుంది. తలంబ్రాలు పోస్తుండగా ఫోన్ మోగింది. గభాల్న లేచి మండపం బయటికి పరుగెత్తింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. క్రెడిట్ కార్డు తీసుకుంటారా అని అడిగే ఫోనట.

"తెలియని నంబరు ఎత్తడం ఎందుకమ్మా" అన్నాను.

"హెచ్ఆర్ వాళ్ల నంబరు నాకు తెలియదు కదా మావయ్యా" అంది. హెచ్ఆర్ అంటే కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగం.

అప్పటికి తను ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి 23 రోజులు. మూడు రౌండ్లు జరిగాయి. చివరి రౌండులో జీతం ఎంత ఆశిస్తున్నారు, ఎప్పుడు చేరగలరు అని కూడా అడిగారు. ఆ రెండూ అడిగారంటే ఉద్యోగం వచ్చేసినట్టేనని ఇంట్లో అందరం అనుకున్నాం. లేచేటప్పుడు "మేమే కబురు చేస్తాం" అన్నారు. అంతే. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తరు, మెయిల్ పెడితే జవాబు లేదు.

కబురు చేస్తాం అన్న మాట మనకు కొత్త కాదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు గడప దాటుతూ అనేది ఇదే. అయితే ఆ వ్యవహారంలో మధ్యవర్తి అని ఒకాయన ఉంటాడు. సంబంధం వద్దనుకుంటే ఆ సంగతి వారం పదిరోజుల్లో ఆయన నోటి మీదుగా వచ్చేది. "జాతకాలు కుదరలేదటండీ" అనో, "ఈ ఏడాది చేసే ఉద్దేశం లేదటండీ" అనో చెప్పేవాడు. అది అబద్ధమని రెండు వైపులా తెలుసు. ఆడపిల్ల తల్లిదండ్రులు మరో సంబంధం చూసుకోవడానికి ఆ అబద్ధమే దారి వదిలేది. పెళ్లిచూపుల పద్ధతిలో బాధపెట్టే విషయాలు చాలా ఉన్నాయి, నేను కాదనను. కానీ వద్దనే మాటను కూడా మోసుకొచ్చే మనిషిని మన పెద్దవాళ్లు పెట్టుకున్నారు. ఇప్పటి ఉద్యోగాల్లో, కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లది ఆ మధ్యవర్తి స్థానమే. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి పదింటికి కూడా ఫోన్ చేసి "తప్పకుండా వెళ్లండి" అంటారు. తర్వాత వాళ్లూ ఎత్తరు.

ఈ విషయంలో నేను తప్పు చేయనివాణ్ని కాను. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ని. స్టోర్స్‌లో ఒక పోస్టుకి ఇంటర్వ్యూలు పెడితే నన్నూ కూర్చోమన్నారు. తొమ్మిదిమంది వచ్చారు. మిర్యాలగూడ వైపు నుంచి ఒక కుర్రాడు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. బాగానే చెప్పాడు. ఇంకొకతను మరికాస్త బాగా చెప్పాడు, అతన్ని తీసుకున్నాం. మిగతా ఎనిమిదిమందికి ఎవరు చెప్పాలన్నది మాలో ఎవరికీ తట్టలేదు. నెల తర్వాత, భోజనం చేస్తుంటే ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగింది. ఆ కుర్రాడే.

"సార్, రావాలా వద్దా చెప్పండి చాలు. వద్దంటే ఇక్కడ నాట్లకు పొలం కౌలుకు తీసుకుంటా. ఆ రైతు నా కోసం ఆగి ఉన్నాడు" అన్నాడు.

పోస్టు భర్తీ అయి అప్పటికి మూడు వారాలు దాటింది. ఆ సంగతే చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను. "చాలా థ్యాంక్స్ సార్" అని పెట్టేశాడు. అన్నం చెయ్యి అలాగే ఉండిపోయింది. ఉద్యోగం లేదని చెబితే ఒక మనిషి నాకు దండం పెట్టినంత పని చేశాడంటే, ఆ నెల రోజులూ అతను ఏం అనుభవించి ఉంటాడు? ఒక పోస్టుకార్డు రాసి ఉంటే సరిపోయేది కదా.

కంపెనీలు ఎందుకు చెప్పవు అంటే, చెడ్డతనం వల్ల మాత్రం కాదు. లోపల జరిగేది ఇది. ఒక పోస్టుకి ముగ్గురు నచ్చుతారు. మొదటి మనిషికి ఆఫర్ ఇస్తారు. అతను ఇప్పుడున్న కంపెనీలో నోటీసు పీరియడ్, అంటే మానేస్తానని చెప్పాక కూడా పనిచేయాల్సిన గడువు, రెండు మూడు నెలలు. ఈలోగా అతను ఇంకోచోట ఎక్కువ జీతం చూసుకుని రాకపోవచ్చు. అందుకని రెండో మనిషికి, మూడో మనిషికి లేదని చెప్పకుండా అట్టే పెడతారు. బ్యాకప్ అంటారు దీన్ని. మా పిల్లలాంటివాళ్లు చాలామంది తమకు తెలియకుండానే ఎవరికో బ్యాకప్‌గా ఉంటారు. ఇంకో కారణం బడ్జెట్. ఇంటర్వ్యూలు అయ్యాక పై నుంచి పోస్టు ఆపమంటారు. తీసుకోవడమూ లేదు, వద్దనడమూ లేదు, "హోల్డ్" అని కంప్యూటర్‌లో ఒక మాట. మూడోది, చెప్పడం ఎవరి పనీ కాకపోవడం. మేనేజర్ హెచ్ఆర్ చెబుతారనుకుంటాడు, హెచ్ఆర్ కన్సల్టెన్సీ చెబుతుందనుకుంటారు. ఎంతమంది చేరారన్నదే హెచ్ఆర్ వాళ్ల టార్గెట్. ఎంతమందికి మర్యాదగా లేదని చెప్పారన్నది ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలో లేని పని ఆఫీసుల్లో ఎవరూ చేయరు, ఇది నేను ముప్పై ఏళ్లు చూసిన సంగతి.

అభ్యర్థులూ ఆఫర్ తీసుకుని చెప్పాపెట్టకుండా మానేస్తున్నారు కదా అని కంపెనీలవాళ్లు అంటారు. నిజమే, అదీ తప్పే. కానీ కంపెనీకి అది ఒక ఖాళీ సీటు. అవతల ఉన్నది ఒక ఇంటి బతుకు. మా అమ్మాయినే చూడండి. ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే ఉప్పల్‌లో ఒక చిన్న ఆఫీసువాళ్లు నెలకు 18 వేలు ఇస్తామన్నారు, శనివారంలోగా చెప్పమన్నారు. పెద్ద కంపెనీ నుంచి ఇవాళో రేపో వస్తుందని ఆగింది. శనివారం వెళ్లిపోయింది. ఆ ఉద్యోగం కూడా వెళ్లిపోయింది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఈ విషయాన్ని చట్టంలోకి తెచ్చింది. టొరంటో, బ్రాంప్టన్, మిసిసాగా ఉన్న రాష్ట్రమే. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, ఈ ప్రసంగం వినేవాళ్లలో కొందరి పిల్లలు ఇప్పుడు అక్కడే ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉండవచ్చు. 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థ, బయటికి ప్రకటన ఇచ్చిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తే, ఆ చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల్లోగా ఎంపిక నిర్ణయం జరిగిందో లేదో ఆ అభ్యర్థికి తెలియజేయాలి. ఎదురుగా చెప్పినా సరే, రాసి పంపినా సరే. తెలియజేసినట్టు రికార్డు మూడేళ్లు దాచాలి. ప్రకటనలో ఉన్నది నిజంగా ఖాళీగా ఉన్న పోస్టా కాదా అన్నది కూడా ముందే చెప్పాలి. ఎందుకు తీసుకోలేదో వివరించమని చట్టం అడగలేదు. నిర్ణయం అయిందో లేదో చెప్పమంది, అంతే. 45 రోజులంటే నాకు ఎక్కువనిపిస్తుంది. కానీ దానికి ఒక చివరి తేదీ ఉంది.

మన దగ్గర అలాంటిది లేదు. 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఉపాధి కల్పన కార్యాలయానికి తెలపాలని 1959లోనే చట్టం చేసుకున్నాం. ఖాళీ ఉందని చెప్పమన్నాం, ఇంటర్వ్యూకి వచ్చిన మనిషికి లేదని చెప్పమనలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆలస్యాలు, కోర్టు కేసులు ఎన్ని ఉన్నా సర్వీస్ కమిషన్ జాబితా ఒకటి బయటికి వస్తుంది. అందులో మన హాల్ టికెట్ నంబరు లేదంటే లేదు. ఆ రోజు ఏడ్చి, మర్నాడు పుస్తకం తీస్తారు. ప్రభుత్వ సంస్థను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రైవేటు కంపెనీని అలా అడిగే దారి లేదు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎవరైనా ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఉంటే, మీకు నా మనవి ఒక్కటే. "మీరు మా కోసం వచ్చారు, సంతోషం. ఈ పోస్టుకి మరొకరిని తీసుకున్నాం." ఈ రెండు వాక్యాలు పంపండి. ఇంకా తేలకపోతే ఇంకా తేలలేదని పంపండి. రెండో స్థానంలో ఉంటే ఆ మాటే చెప్పండి, ఆగాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. వందమందికి ఒకేసారి మెయిల్ వెళ్లే సాఫ్ట్‌వేర్ మీ దగ్గరే ఉంది.

ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలూ, లేచి వచ్చేటప్పుడు "ఎప్పటిలోగా తెలుస్తుంది సార్, ఎవరిని అడగాలి?" అని తప్పకుండా అడగండి. అడిగితే తప్పుగా అనుకోరు. ఆ తేదీ దాటాక ఒక మెయిల్ పెట్టండి, మరో వారానికి ఇంకొకటి. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుందనే అనుకుని ముందుకు వెళ్లండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా మిగతా ఇంటర్వ్యూలు ఒక్కటీ ఆపకండి. ఇక తల్లిదండ్రులు. రోజూ సాయంత్రం టీ గ్లాసు చేతికిస్తూ "ఏమైందమ్మా, ఏమన్నా తెలిసిందా?" అని అడక్కండి. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది నేనే. పాపం, ఆ పిల్ల ఏం చెబుతుంది? తనకూ తెలియదు కదా.

ఆ మూడు రౌండ్ల కంపెనీ నుంచి ఈ రోజుకీ ఏ సమాచారమూ లేదు. గచ్చిబౌలిలో ఇంకో చిన్న కంపెనీకి కూడా వెళ్లొచ్చింది. ఐదో రోజు సాయంత్రం వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. తీసుకోలేకపోతున్నామని, ఆటోమేషన్ టూల్ ఒకటి నేర్చుకుని ఆరు నెలల తర్వాత మళ్లీ అప్లై చేయమని రాశారు. కింద రాసినావిడ పేరు, నంబరు ఉన్నాయి. అమ్మాయి దాన్ని వంటింట్లోకి తెచ్చి మా ఆవిడకు చదివి వినిపించింది. కాసేపు కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. ఆ రాత్రి, చాలా వారాల తర్వాత, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంది.