గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

శ్రోతలకు నమస్కారం. రైలు కోసం ఎదురుచూస్తూనో, విమానాశ్రయంలో కూర్చునో అక్కడి వైఫైకి ఫోన్ కలుపుతాం. గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. పేజీ మాత్రం తెరుచుకోదు. ఫోన్ పాడైందేమోనని కంగారు పడతాం. ఆ గీతలు చెప్పేది మన ఫోన్‌కూ పైకప్పున ఉన్న రౌటర్‌కూ మధ్య సిగ్నల్ సంగతే. రౌటర్ నుంచి అవతలికి వెళ్లే లైన్ మీద ఎంతమంది పడ్డారో అవి చెప్పవు.

అసలు ఇబ్బంది గాలిలోనే మొదలవుతుంది. ఒక ఛానెల్ మీద, అంటే వైఫై మాటలు నడిచే ఒక రేడియో దారి మీద, చాలావరకు ఒకసారికి ఒక్క ఫోనే మాట్లాడాలి. మిగతావి అలికిడి లేదని విన్నాకే నోరు విప్పాలి. రెండు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరి మాటా చెడుతుంది, కాస్త ఆగి మళ్లీ పంపాలి. ఢీకొంటే మళ్లీ పంపే ఈ పద్ధతిని 1971లోనే హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్‌లో నడిపి చూపింది. దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన ఆ పని నాకు ఇప్పటికీ అబ్బురమే. దూరంగా మూలన ఉన్న ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి, అదే సందేశానికి ఎక్కువసేపు ఛానెల్‌ను పట్టుకుంటుంది. ఆ ఆలస్యం రౌటర్ పక్కనే ఉన్నవారికీ తప్పదు. పైగా మన ఒంట్లోని నీరు రేడియో తరంగాలను కొంత పీల్చుకుంటుంది. జనం నిండిన హాల్లో సిగ్నల్ అందుకే నీరసిస్తుంది. వైఫై ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల్లో నడుస్తుంది. 5లో ఛానెళ్లు ఎక్కువ, కానీ గోడలు దాటడంలో 2.4దే పైచేయి. రౌటర్ కళ్లెదుటే ఉంటే 5 ఎంచుకోండి.

అక్కడి వైఫై మొదట చూపించాల్సిన లాగిన్ పేజీ రాకపోతే, మీ ఫోన్‌లో వీపీఎన్, అంటే మన నెట్ రాకపోకలను రహస్యంగా వేరే దారిలో పంపే యాప్ ఉంటే, దాన్ని కాసేపు ఆపి చూడండి, చాలాసార్లు అడ్డం అదే. లోపలికి వెళ్లాక మళ్లీ ఆన్ చేయండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వైఫై పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అసలుదాని పేరుతోనే పక్కన ఇంకొకటి పెట్టేవాళ్లూ ఉంటారు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ను ఫోన్ ఒకసారి గుర్తుపెట్టుకుంటే, తర్వాత ఆ పేరు ఎక్కడ కనిపించినా మనల్ని అడగకుండానే కలిసిపోగలదు. డబ్బు వ్యవహారాలకు మొబైల్ డేటానే వాడండి, అది నెమ్మదిగా ఉన్నా సరే. పని అయ్యాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ నెట్‌వర్క్‌ను తీసేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా ఈ పని చేసిపెట్టండి.