సూది చుట్టూ వేడి, పక్కనే పారే రక్తం

సభకు నమస్కారం.

కాలేయంలో 2 సెంటీమీటర్ల కణితి ఉంది. పొట్ట కోయకుండా, చర్మం గుండా సన్నని ఎలక్ట్రోడ్ సూదిని దింపి, ఆ కణితిని వేడితోనే చంపాలి. రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ అంటే ఇదే. కణితితో పాటు చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల మేర మంచి కణజాలం కూడా చావాలి, లేకపోతే అంచున మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. మరి వేడి ఎందాకా వెళ్తుందో సూది గుచ్చకముందే చెప్పగలమా? నా పని ఆ లెక్కే.

సూదిలోంచి వెళ్లే కరెంటు సెకనుకు దాదాపు 5 లక్షల సార్లు ఊగుతుంది. అంత వేగానికి నరాలు, కండరాలు స్పందించవు కాబట్టి షాక్ కొట్టదు. కణజాలంలోని అయాన్లు మాత్రం అటూ ఇటూ కదులుతాయి, వేడి అక్కడే పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణం దాదాపు తక్షణమే చస్తుంది. 50 దగ్గరైతే కొన్ని నిమిషాలు పడుతుంది. 100 దాటనిస్తే చిక్కే: నీరు ఆవిరై కణజాలం మాడుతుంది, మాడినచోట కరెంటు పారదు. మంట ఎక్కువ పెట్టి వంకాయ కాలిస్తే తొక్క మాడి లోపల పచ్చిగా మిగిలినట్టే, సూది దగ్గర బొగ్గు, అంచున బతికిన కణితి.

పైగా కరెంటు పుట్టించే వేడి సూదిని ఆనుకునే ఉంటుంది. గుండ్రని మొన నుంచి దూరం రెట్టింపైతే అది 16వ వంతుకు పడిపోతుంది. మిగతా దూరమంతా వేడి కణజాలంలో మెల్లగా పాకుతూ వెళ్లాల్సిందే.

ఈ పాకడాన్ని లెక్కగట్టడానికి ఇప్పటికీ ఎక్కువమంది వాడేది హ్యారీ పెన్నెస్ 1948లో ప్రచురించిన సమీకరణం. ఆయన చూసింది కణితుల్ని కాదు. విశ్రాంతిగా ఉన్న మనుషుల ముంజేతుల్లో ఉష్ణోగ్రత లోతును బట్టి ఎలా మారుతుందో కొలిచారు. ఒకచోట వేడి ఎంత పెరిగిందో తెలియాలంటే చుట్టుపక్కల నుంచి పాకి వచ్చింది, జీవక్రియలో పుట్టింది, రక్తం తెచ్చిందీ తీసుకుపోయిందీ కూడాలి. మనం దానికి కరెంటు వేడిని కలుపుతాం. దాని ముందు జీవక్రియ వేడి లెక్కలోకి రానంత చిన్నది.

అసలు కష్టమంతా రక్తం దగ్గరే. రక్తం ధమని ఉష్ణోగ్రతతో వచ్చి, కేశనాళికల్లో చుట్టూ ఉన్నంత వేడెక్కి వెళ్లిపోతుందని పెన్నెస్ అనుకున్నారు. సన్నని నాళాల వరకు ఇది సరిపోతుంది. కానీ 3 మిల్లీమీటర్లకు మించిన వెడల్పున్న నాళం, అంటే కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర శాఖో, అక్కడి నుంచి తీసుకుపోయే హెపాటిక్ సిరో, కణితిని రాసుకుంటూ పోతుంటే? అందులో రక్తం వేడెక్కేలోపే ముందుకు వెళ్లిపోతుంది, వెనకాలే 37 డిగ్రీల రక్తం వస్తుంది. నాళం గోడను అంటిపెట్టుకున్న కణితి కణాలు బతికి బయటపడే అవకాశం అక్కడే ఎక్కువ. అందుకే నా పట్టుదల ఒకటే: పెద్ద నాళాన్ని సగటులో కలిపేయకూడదు. రోగి సీటీ స్కాన్‌లో అది ఎక్కడుందో చూసి, కంప్యూటర్ నమూనాలో నాళంగానే గీయాలి.

కణం చావడానికి ఉష్ణోగ్రతే కాదు, ఆ వేడిలో ఎంతసేపు ఉందన్నదీ ముఖ్యం. హెన్రిక్స్, మోరిట్జ్ 1947లోనే కాలిన చర్మంపై ఆ లెక్క కట్టారు. చచ్చినచోట కేశనాళికలు కూడా మూసుకుపోతాయి కాబట్టి అక్కడ రక్తప్రవాహాన్ని సున్నా చేయాలి. ఇది మరిచిపోతే చికిత్స పరిధి ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తుంది.

సిరోసిస్ ఉన్న, అంటే మచ్చలు కట్టి గట్టిపడిన కాలేయంలో రక్తప్రవాహం పుస్తకంలోని అంకెలా ఉండదు. కాబట్టి తెర మీద ఒకే గీత గీసి "ఇక్కడిదాకా చస్తుంది" అని డాక్టరుకు చూపడం నాకు సమ్మతం కాదు. రెండు గీతలు చూపాలి: ప్రవాహం తక్కువైతే ఒకటి, ఎక్కువైతే ఒకటి. లోపలి గీత నాళం వైపు ఆ 5 మిల్లీమీటర్లను అందుకోకపోతే సూది చోటు మార్చాలా, రెండోసారి గుచ్చాలా, మైక్రోవేవ్‌లతో వేడి పుట్టించే పద్ధతికి వెళ్లాలా అన్నది రోగి బల్ల మీదికి రాకముందే తేల్చుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.