పొట్ట నల్లబడిన మబ్బు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లోని విద్యార్థులకు నమస్కారం. నా గురించి ఇందాక చెప్పిన గొప్పల్లో సగం తీసేసుకోండి. కంప్యూటర్‌లో మబ్బు చేయడం గురించి చెప్పమన్నారు, నేరుగా అందులోకే వెళ్దాం.

నేను మొదటిసారి రెండర్ చేసిన, అంటే కంప్యూటర్ చేత లెక్కకట్టించి బొమ్మగా గీయించిన, మబ్బు పొగలా వచ్చింది. రాత్రంతా మెషీన్ నడిచింది. పొద్దున చూస్తే అంచులు తెల్లగా ఉన్నాయి, పొట్ట మాత్రం మసిబట్టిన గిన్నె అడుగులా ఉంది. అప్పటి మా సీనియర్ తెర వైపు ఓ చూపు చూసి, "లైటు పెంచవయ్యా" అన్నారు. పెంచాను. అంచులు తెల్లగా పేలిపోయాయి, పొట్టలో మసి అలాగే ఉంది. "ఇంకా పెంచు" అన్నారు!

తక్కువైంది లైటు కాదండీ. మబ్బులో నీటి చుక్క వ్యాసార్ధం సుమారు 10 మైక్రాన్లు. కంటికి కనిపించే కాంతిని అది దాదాపు మింగదు, దారి మళ్లిస్తుందంతే. అదీ ఎక్కువగా ముందుకే. సూర్యుడు వెనకుంటే మబ్బు అంచు వెండిలా మెరిసేది అందుకే. దట్టమైన మబ్బులో కిరణం ఎన్నో పదుల సార్లు, ఒక్కోసారి వందల సార్లు చుక్కలకు తగిలి గానీ బయటపడదు. నేనేమో టైమ్ కలిసొస్తుందని 8 తాకిళ్లకే కత్తిరించేశాను. ఇంకా లోపల తిరుగుతున్న వెలుతురంతా ఆ కత్తెరకే పోయింది.

దానికి తోడు ఆల్బిడో, అంటే ఒక్కో తాకిడి తర్వాత మిగిలే వంతు, 0.99 అని పెట్టాను. నూటికి ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎవరైనా ఫోన్ తీసి వంద 0.99లను ఒకదానితో ఒకటి గుణించండి. ఎంతొచ్చింది? 0.37 కదూ. చూశారా!

కాంతి ఏ దిక్కుకు మళ్లాలో చెప్పడానికి మనం వాడే హెన్యే-గ్రీన్‌స్టీన్ సూత్రం 1941 నాటిది, నక్షత్రాల మధ్య ధూళి కోసం రాసింది. అందులో కాంతి ఎంతగా ముందుకే మొగ్గుతుందో చెప్పే జీ విలువ 0.85 దగ్గర పెడితే మబ్బుకూ పనికొస్తుంది. విమానం నీడ చుట్టూ మబ్బు మీద కనిపించే రంగుల వలయం కావాలంటే మాత్రం 1908 నాటి మీ లెక్క చేయాలి. మీ లెక్కంటే మీది కాదు, గుస్తావ్ మీ అనే ఆయనది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, సరే. గేముల సంగతి వేరు, సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16 మిల్లీసెకన్లే, అక్కడ కొంత మోసం తప్పదు.

నా మబ్బు సంగతి చెప్పేసి దిగిపోతాను. పెంచిన లైటు తగ్గించేశాను. తాకిళ్ల హద్దు 1000 చేశాను, ఆల్బిడో 1 పెట్టాను. ఈసారి రెండు రాత్రులు పట్టింది. ఇసక చల్లినట్టు కాస్త నాయిస్ ఉంది గానీ, పొట్ట తెల్లగా వచ్చింది. మా సీనియర్ వచ్చి చూసి నా భుజం తట్టారు.

"చెప్పానా, లైటు పెంచితే వస్తుందని!"