గోనెసంచిలో వెళ్లింది, నడిచి వచ్చింది

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, డాక్టరుగారికి, కుక్కల్ని పట్టుకుని ఎండలో నించున్న మా పర్లాకిమిడి పిల్లలందరికీ. ఈరోజు సెప్టెంబర్ 28, రేబీస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ పోయినరోజు, అందుకే రేబీస్ దినం. టీకాల గురించి డాక్టరుగారు చెప్తారు, నన్ను తప్పిపోయిన కుక్కలు ఇల్లు చేరిన కథలు చెప్పమన్నారు.

అమెరికాలో బాబీ అని ఓ కుక్క ఉండేది. 1923లో యజమానులు కారులో ఊరెళ్తే ఇండియానా రాష్ట్రంలో తప్పిపోయి, ఆర్నెల్ల తర్వాత 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్‌లో వాళ్ల సిల్వర్టన్ ఊరికి వచ్చేసింది. దగ్గర దగ్గర 4,000 కిలోమీటర్లు, చిక్కి శల్యమై, గోళ్లు అరిగిపోయి.

కానీ నాకు బాబీ కంటే మా కుక్క నల్లోడే ముందు గుర్తొస్తాడండీ. 1986, నేను అయిదో తరగతి. ఇంటి ఓనరుగారి కోడిపెట్టని నల్లోడు పట్టేసాడని ఆయన కుక్కో ఇల్లో తేల్చుకోమన్నాడు. నాన్న వాడిని గోనెసంచిలో కట్టి, మన చిన్న రైలుంది కదా, రాజావారి కాలం నాటి నౌపడా గుణుపురం బండి, 2004లో ఆపేసి పెద్దలైను వేసారే అదే, ఆ బొగ్గింజను బండెక్కి గుణుపురంలో వదిలేసి వచ్చాడు. యాభై కిలోమీటర్లు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

తొమ్మిదో రోజు తెల్లారగట్ల అమ్మ కళ్లాపి చల్లుతుంటే గుమ్మం ముందు నించున్నాడు. లోపలికి రాడు. పాదాల కింద చర్మం ఊడిపోయి ఎర్రగా, తోకకి పల్లేరుకాయలు. "ఏటిరా నాయనా, రా" అని అమ్మ పిలిస్తేగానీ గడప దాటలేదు.

సంచిలో ఉన్న కుక్కకి దారెలా తెలిసిందా అని ఇన్నేళ్లూ అనుకునేవాడిని. చెక్ దేశంలో 27 వేటకుక్కలకి జీపీఎస్ పట్టీలు కట్టి అడవిలో వదిలారంట, 2020లో ఆ సంగతి బయటకొచ్చింది. కొన్నిసార్లు అవి తిరుగుదారి పట్టేముందు ఓ ఇరవై మీటర్లు ఉత్తర దక్షిణాలుగా పరిగెట్టి, ఆ తర్వాత కొత్తదారిన అడ్డంగా యజమాని దగ్గరికి వచ్చేసేవంట. భూమి అయస్కాంతాన్ని పసిగడతాయేమో అంటున్నారు. నల్లోడు పట్టాలు పట్టుకునే వచ్చాడేమో మరి, ఎవరు చూసారు.

ఇది విని చప్పట్లు కొట్టకండి, దయచేసి. వాడు వచ్చాడు గనక చెప్పుకుంటున్నాం. మహేంద్రతనయ ఏటి అవతల, పాతపట్నం రోడ్డులో, సంచి విప్పి వదిలేసిన పిల్లులు, కూనలు ఎన్ని? వాటి కథ ఎవరికి తెలుసు? అమ్మా, వెనక కూర్చున్నవాళ్లు, మీరూ వినండి: తిండి, నీళ్లు దొరకని చోట పెంపుడు జంతువుని వదిలేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కనపెట్టండి, కూనలు ఎక్కువైతే నా దగ్గరికి రండి, ఆపరేషన్‌కి డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తా, కూనల్ని పెంచేవాళ్లని వెతుకుదాం. సంచి మాత్రం కట్టకండి. సంచి కట్టకండమ్మా.

నాన్న ఏమీ అనలేదు. ఆ వారమే వేరే ఇల్లు చూసాడు, వానొస్తే కారే పెంకుటిల్లు. నల్లోడు ఇంకో ఆరేళ్లు బతికాడు. బండి కూత వినిపిస్తే మంచం కిందకి దూరిపోయేవాడు, నాన్న వెళ్లి పక్కన కింద కూర్చుని వీపు నిమిరేవాడు, బండి ఊరు దాటేదాకా.